రెండో స్థానం ఎరగని లోవరాజు

రావులపాలెం అరటిపళ్ల మార్కెట్టు దాటి రెండు సందులు లోపలికొస్తే లోవరాజు ఫ్లెక్సీల షాపు వస్తుంది. కళ్లకు కనపడేలోపే చెవులకు వినపడుతుంది. లోపల ప్రింటింగ్ మిషను నెమరేసే గేదెలా రోజంతా గుర్రుమంటూ ఉంటుంది, దాని నోట్లోంచి ఎవరిదో ఒక నవ్వుమొహం అంగుళం అంగుళం చొప్పున బయటికొస్తూ ఉంటుంది. ఆ చుట్టుపక్కల పుట్టినరోజు చేసుకున్నవాడైనా, పెళ్లి చేసుకున్నవాడైనా, పోయినవాడైనా లోవరాజు చేతిమీదుగా వెళ్లాల్సిందే.

లోవరాజుది అంతర్వేది వైపు చేపలు పట్టే కుటుంబం. పడవెక్కితే చాలు కడుపులో తిప్పేది. తండ్రి విసిగిపోయి, "నీకు నీళ్లు పడవురా, నేల మీద ఏదైనా చూసుకో" అన్నాడు. ఒడ్డున కూర్చుని పడవల మీద పేర్లు రాయడం మొదలెట్టాడు. పడవల మీంచి గోడల మీదకి, గోడల మీంచి ఫ్లెక్సీల మీదకి వచ్చాడు.

వచ్చిన కొత్తలోనే ఒక తప్పు చేశాడు. జాతర ఫ్లెక్సీలో ఒక పెద్దాయన ఫొటోని రెండో వరసలో వేశాడు. ఆ సాయంత్రం ఆయనే స్వయంగా షాపుకొచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయాడు. గోదారి జిల్లాల్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. లోవరాజుకి వారం పాటు అన్నం సయించలేదు. ఆ వారంలోనే ఉపాయం తట్టింది. ఆ తర్వాత ఎవరి ఫ్లెక్సీ అయినా ఫొటోలన్నీ గుండ్రంగా, దండ గుచ్చినట్టు పెట్టేవాడు. దానికి మొదలూ లేదు, చివరా లేదు. దండ తన దగ్గర్నుంచే మొదలైందని ఎవరికి వారు అనుకుని మురిసిపోయేవారు. ఆ విధంగా లోవరాజు తన జీవితంలో ఇంకెవర్నీ రెండో స్థానంలో పెట్టకుండా యాభై ఏళ్లకి దగ్గరపడ్డాడు.

కాలేజీలవాళ్లు ఫ్లెక్సీలు వేయించడం మొదలెట్టాక పని కాస్త కష్టమైంది. ఇంటర్ ఫలితాలు రాగానే విద్యాలహరి డిగ్రీ కాలేజీ అధిపతి శ్రీనివాసరాజు గారు కారు దిగేవారు. ఆయనకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి, ఇక్కడ కాలేజీ ఉంది.

"లోవరాజూ, జిల్లాలో నంబర్ వన్ అని వెయ్యి. అక్షరాలు లారీవోడికి కూడా కనపడాలి."

"ఆయ్, అలాగేనండి."

మర్నాడు జ్ఞానతేజ కాలేజీ వాళ్లు వచ్చి అదే మాట అనేవారు. ఆ మర్నాడు అక్షరగోదావరి వాళ్లు. కాదనడం లోవరాజుకి చేతకాదు. అబద్ధం వెయ్యడమూ చేతకాదు. అందుకని ఎవరు దేంట్లో మొదటివాళ్లో వెతికిపెట్టేవాడు. విద్యాలహరి ఫ్లెక్సీలో 'నంబర్ వన్' తాటికాయంత ఉండేది, దాని కింద నువ్వుగింజంత అక్షరాల్లో 'లిఫ్టు ఉన్న డిగ్రీ కాలేజీల్లో' అని ఉండేది. జ్ఞానతేజ 'రాజమండ్రి నుంచి వస్తుంటే హైవేకి ఎడమపక్క ఉన్న కాలేజీల్లో' నంబర్ వన్. అక్షరగోదావరికి లిఫ్టూ లేదు, హైవేకీ దూరం. ఒక పూటంతా ఆలోచించి 'ఈమధ్య పేరు మార్చుకున్న కాలేజీల్లో' అని వేశాడు. ఆ ప్రిన్సిపాలు గారు అది చదివి, "ఇంత పరిశోధన మా స్టాఫు కూడా చెయ్యలేదండీ" అని చేతులు పట్టుకున్నారు.

షాపు ఎదురుగా ఉన్న టీ కొట్లో దీనిమీద రోజూ వాదన నడిచేది. అరటిగెలల వ్యాపారి సత్తియ్యది ఒక పక్షం, ఇన్సూరెన్సు ఏజెంటు చంద్రరావుది ఇంకో పక్షం.

"ర్యాంకులు లేకపోతే పిల్లల్ని ఎక్కడ వెయ్యాలో జనానికి ఎలా తెలుస్తుందయ్యా?" అనేవాడు చంద్రరావు. "ఎంతమంది పాసయ్యారో చూడు, ర్యాంకివ్వు. అయిపోయింది."

"పాసయ్యేవాణ్ణి ఏరుకుని చేర్చుకుని, పాస్ చేయించామంటే ఏం గొప్ప? పండిన గెల కొనుక్కొచ్చి నేనే పండించానంటే ఒప్పుకుంటావా?"

"అయితే ఏం చెయ్యమంటావు?"

"చేరేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి తూకం వెయ్యాలి."

"పిల్లల్నా?"

"బుర్రల్ని."

"ఎలా వేస్తావు?"

సత్తియ్య టీ చివరి గుక్క తాగి, "అది గవర్నమెంటు చూసుకోవాలి" అనేవాడు.

లోవరాజు ఇద్దరికీ తలూపేవాడు. ఆ వాదన తన గుమ్మం తొక్కుతుందని అతను అనుకోలేదు.

ఈ ఏడు కూతురు రాణి ఇంటర్ పాసైంది. ఫిజిక్సుతో డిగ్రీ చదువుతానంది. ఆన్‌లైన్లో ఆప్షన్లు పెట్టాలి. ఏ కాలేజీ మొదట కావాలో, అది రాకపోతే ఏది కావాలో వరసలో నొక్కాలి. గడువు మర్నాటి సాయంత్రానికి ముగుస్తుంది. భోజనాలయ్యాక రాణి ఫోను తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. 'మొదటి ఆప్షన్' అని ఒక ఖాళీ గడి, దాని కింద 'రెండో ఆప్షన్' అని ఇంకో గడి. లోవరాజు ఫోనుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, ఇది గుండ్రంగా పెట్టడానికి ఉండదా?"

"ఉండదు నాన్నా."

వంటింట్లోంచి భార్య వీరవేణి అందుకుంది. "దానికంత ఆలోచనెందుకు? నంబర్ వన్ కాలేజీ పెట్టండి."

"అన్నీ నంబర్ వన్నేనే."

"ఎవరు చెప్పారు?"

"నేనే."

"అయితే ఆ నంబర్ వన్లలో నంబర్ వన్ ఏదో మీరే చెప్పండి. ఊరందరి పిల్లలకీ చెప్పారుగా, మన పిల్ల దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదేం?"

రాణి తండ్రి పక్కన కూర్చుంది. "నిజంగా ఏది మంచిది నాన్నా? నేను మూడేళ్లు ఉండాలి అక్కడ."

ఆ కాలేజీల గేట్లన్నీ లోవరాజుకి తెలుసు, ఏ గేటుకి ఎన్ని అడుగుల ఫ్లెక్సీ పడుతుందో తెలుసు. గేటు దాటి లోపలికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. "పొద్దున్నే వెళ్లి చూద్దాం" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను షాపు మూస్తాననడం అదే మొదటిసారి.

ముందు విద్యాలహరికి వెళ్లారు. లోవరాజుని గేటు దగ్గరే గుర్తుపట్టారు. క్షణంలో క్లాసులు ఆగిపోయాయి. పిల్లలు మెట్లకి రెండుపక్కలా బారులు తీరారు. కొబ్బరిబొండాలొచ్చాయి. ఎవరో రాణి చేతిలో పూలగుత్తి పెట్టి ఫొటో తీశారు. ఒక్క అంతస్తు ఎక్కడానికి లిఫ్టులో తీసుకెళ్లారు. అది మధ్యలో ఆగింది. తలుపులు తెరిచేదాకా బయట నిలబడ్డ పిల్లలు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

శ్రీనివాసరాజు గారు ఎదురొచ్చి కూర్చోబెట్టారు. "రొయ్యల్లో కౌంటు తెలుసుగా లోవరాజూ? కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు. వంద తూగితే వంద కౌంటు, అంటే పొట్టిరొయ్య, రేటు పలకదు. మా దగ్గర క్లాసుకి ముప్పై కౌంటయ్యా! అవతల జ్ఞానతేజ వాళ్లది వంద కౌంటు."

"ఫిజిక్స్ ల్యాబు చూడొచ్చాండీ?" అని రాణి అడిగింది.

"నిక్షేపంగా చూడొచ్చు తల్లీ. జిల్లాలో అంత శుభ్రమైన ల్యాబు ఇంకోటి లేదు. ప్రారంభోత్సవం రోజున వేసిన తాళం, ఇప్పటిదాకా ఒక్క మరకంటలేదు. తాళంచెవి మాత్రం భీమవరంలో ఉంది."

లోవరాజు ధైర్యం కూడగట్టుకున్నాడు. "అది కాదండి రాజుగారూ. చదువు ఎలా ఉంటుందోనని..."

ఆయన ఆశ్చర్యపోయారు. "ఏంటయ్యా ఆ ప్రశ్న? బయట అంత ఫ్లెక్సీ ఉంది, చూడలేదా? జిల్లాలో నంబర్ వన్."

"అది నేనే వేశానండి."

"మరింకేం! నీకు తెలియకుండా వేస్తావా?"

ఆ ముక్కలో ఎగతాళి ఉందేమోనని లోవరాజు ఆయన మొహంలోకి చూశాడు. లేదు. ఆయన నిజంగానే నమ్మారు. జ్ఞానతేజలోనూ, అక్షరగోదావరిలోనూ జరిగింది ఇదే. పూలగుత్తి రంగు మారింది, కొబ్బరిబొండాం బదులు కూల్‌డ్రింకు వచ్చింది. మధ్యాహ్నానికి బండి ముందు పూలు, వెనక పూలు, మధ్యలో తండ్రీకూతుళ్లు. దారినపోయేవాళ్లు ఎవరి ఊరేగింపోనని చూస్తున్నారు.

కాలవ గట్టు మీద తిరిగొస్తుంటే రాణి భుజం తట్టింది. "ఆపు నాన్నా. ఇది కూడా కాలేజీయేగా."

గవర్నమెంటు డిగ్రీ కాలేజీ. గేటుకి ఒక్క ఫ్లెక్సీ లేదు. లోవరాజు ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాడు గానీ, ఫ్లెక్సీ లేనిది అతని కంటికి ఆనదు. లోపలికెళితే ఎవరూ లేచి నిలబడలేదు. ఒక గదిలో మాణిక్యాంబ గారని ఫిజిక్స్ లెక్చరరు, తలుపు తాళంకప్ప ఒకటి తాడుకి కట్టి కిటికీ చువ్వకి వేలాడదీసి ఊపుతున్నారు. పిల్లలు వాచీలు చూస్తున్నారు. ఆవిడ వీళ్లవైపు ఓసారి చూసి, "క్లాసవుతోందండీ, కాసేపాగండి. నిలబడటమెందుకు, కూర్చోండి" అన్నారు.

ఇద్దరూ ఆఖరి బెంచీలో పూలగుత్తులతో సహా కూర్చున్నారు. తనెవరో తెలియనట్టుందని లోవరాజు కొంచెం నొచ్చుకున్నాడు.

"కప్ప బరువు పెంచితే ఒక ఊపుకి పట్టే సమయం ఏమవుతుంది?" అని ఆవిడ అడిగారు.

"పెరుగుతుందండి" అన్నాడు లోవరాజు, గట్టిగా.

"తప్పండి" అన్నారావిడ, అంతే మర్యాదగా.

క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ జాతర నాటి తర్వాత లోవరాజుని ఎవరూ తప్పన్నది లేదు. అతను ఇంకా తేరుకోకముందే పక్కనుంచి ఒక గొంతు, "మారదండి. తాడు పొడుగు మారిస్తేనే మారుతుంది" అంది. ఎవరా అని తిరిగి చూస్తే రాణి. ఇంట్లో ఉప్పు అందుకోమని అడగడానికి కూడా మొహమాటపడే పిల్ల, అరిచినంత పని చేసింది.

"ఎంత మారుతుందో నువ్వొచ్చి చూపించు" అని ఆవిడ పిలిచారు. రాణి పూలగుత్తులన్నీ తండ్రి ఒళ్లో పడేసి వెళ్లిపోయింది. మళ్లీ వెనక్కి రావడానికి చాలాసేపు పట్టింది. లోవరాజు పూల మధ్యలోంచి చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం గడువు ముగిసేలోగా మొదటి గడిలో రాణి ఆ కాలేజీ పేరు నొక్కింది. "మిగతావి నువ్వు నొక్కు నాన్నా" అంది. లోవరాజు మనసులోనే శ్రీనివాసరాజు గారికి దండం పెట్టుకుని, కళ్లు మూసుకుని, విద్యాలహరిని రెండో స్థానంలో పెట్టాడు. కళ్లు తెరిచి చూస్తే ఇంటి కప్పు అక్కడే ఉంది.

"ఫ్లెక్సీ అయినా లేని కాలేజీయా!" అని వీరవేణి నెత్తి కొట్టుకుంది. "రేపు మా అన్నయ్య వాళ్లడిగితే దేంట్లో నంబర్ వన్ అని చెప్పను?"

రాణికి సీటొచ్చాక లోవరాజు ఆ పనిమీదే కూర్చున్నాడు. ఎంత వెతికినా ఆ కాలేజీ దేంట్లో మొదటిదో తేలలేదు. చివరికి తట్టింది. ఉన్నంతలో మంచి బట్ట మీద, లారీవోడికి కూడా కనపడేలా, 'నంబర్ వన్' అని వేశాడు. కింద నువ్వుగింజంత అక్షరాల్లో 'ఫ్లెక్సీ లేని కాలేజీల్లో'. చుట్టచుట్టి మాణిక్యాంబ గారికి కానుకగా తీసుకెళ్లాడు.

ఆవిడ విప్పి, అద్దాలు సరిచేసుకుని, కింది గీత దాకా చదివారు. "చాలా బావుందండీ లోవరాజు గారూ. కానీ ఇది గేటుకి కట్టామనుకోండి, కట్టిన క్షణంలో మా ర్యాంకు పోతుంది కదా."

లోవరాజు ఆలోచించాడు. నిజమే. ముప్పై ఏళ్ల వృత్తిలో, కడితే అబద్ధమూ కట్టకపోతే నిజమూ అయ్యే ఫ్లెక్సీ వెయ్యడం ఇదే మొదలు. మళ్లీ చుట్టచుట్టి ఇంటికి తెచ్చేశాడు.

ఊళ్లో ఏ మాటా దాగదు. ఆప్షన్ల సంగతి తెలిసిన సాయంత్రం శ్రీనివాసరాజు గారు షాపుకొచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు. ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయారు. ఆయన కారు మలుపు తిరిగేదాకా లోవరాజు చూసి, ఇంటికెళ్లి, వీరవేణి వండిన చింతచిగురు రొయ్యల కూరతో కడుపునిండా తిన్నాడు. మారు కూడా వడ్డించుకున్నాడు.

ఆ ఫ్లెక్సీ ఇప్పుడు వాళ్ల పెరట్లో పిడకల మీద కప్పి ఉంది, అక్షరాలు కిందికి. ఎవరికీ కనపడదు గనక కాలేజీ ర్యాంకుకేం ఢోకా లేదు. గోదారి మీంచి గాలి లేచినప్పుడు మాత్రం ఒక అంచు పైకి లేస్తుంది. అప్పుడు లోవరాజు చేతిలో ముద్ద కంచంలో వదిలేసి మరీ పరిగెత్తుకెళ్లి, దానిమీద ఇంకో ఇటుక పెట్టొస్తాడు.