నేను అనని మాట నా ఫొటో పక్కన

దీపం పెట్టుకున్నాక కూడా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

మా తమ్ముడు చేపలు అమ్మడానికి ఒక యాప్ తయారుచేశాడు. ఏ పడవలో ఏ చేప వచ్చిందో ఫోన్‌లో చూసుకుని ఇంటికే తెప్పించుకోవచ్చట. దాని గురించి చెప్పే వెబ్ పేజీని ఈ సాయంత్రం నాకు చూపించి, "ఎలాగుందో చెప్పక్కా" అన్నాడు.

బాగానే ఉంది. కిందికి జరిపితే నా ఫొటో! మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం నాడు తీసింది. పక్కన నేను అన్నట్టుగా, "ఇంత తాజా వంజరం ఎప్పుడూ తినలేదు!" అని ఉంది.

"నేను చేప తింటానేట్రా?"

"అరే, శాంపిల్‌కి పెట్టానక్కా. అందరూ ఇలాగే పెడతారు. ఎవరు చూస్తారు?"

"మన ప్రోతరాపూర్ ఊరంతా చూస్తాది. నా నోట అబద్ధం పెట్టడానికి నువ్వెవడివి? చేప ఎందుకు మానేశానో గుర్తుందా?"

చిన్నప్పుడు వాడికి కామెర్లు ముదిరితే, తగ్గాలని మొక్కుకుని మానేశాను.

ఫొటో తీసెయ్యమన్నాను. ఇందాక చూస్తే ఫొటో అలాగే ఉంది, మాటలు మాత్రం మార్చాడు: "మా అక్క చేప తినదు. నా కోసం మానేసింది."

దీనికీ నన్ను అడగలేదు. మీరైతే ఉండనిస్తారా?