నీసు నీళ్లలో చేతులు పెట్టిన సత్యవతి గారు

గురువారం ఉదయం ఆఫీసు వ్యాన్ దిగుతుండగా ఫోన్ మోగింది. "సత్యవతి గారు పోయారు" అన్నారు అవతలివాళ్లు. ఆసుపత్రిలో ఆమె పరిస్థితి తెలిసినదాన్నే, ఊహించని వార్తేమీ కాదు. అయినా దిగ్భ్రాంతితో లిఫ్టు ముందు అలాగే నిలబడిపోయాను. ఎన్నో నంబరు నొక్కాలో కాసేపు గుర్తురాలేదు.

సాయంత్రం ఏ.ఎస్. రావు నగర్‌లో మేము ఒకప్పుడు అద్దెకున్న అపార్ట్‌మెంటుకు వెళ్లాను. గేటుకు ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. "మా అందరి అమ్మకు అశ్రునివాళి" అని రాసి, కింద అపార్ట్‌మెంటు అసోసియేషన్ కమిటీ సభ్యుల ఫొటోలు వేసుకున్నారు. ఆమె ముఖం కంటే వాళ్ల ముఖాలే పెద్దవిగా ఉన్నాయి. ఆమె బతికున్నన్నాళ్లూ ఎదురుపడితే ముఖం తిప్పుకున్న మనుషులు వాళ్లు. ఎందుకు తిప్పుకున్నారో ఆ ఫ్లెక్సీ మీద లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సత్యవతి గారిది విజయనగరం ప్రాంతం. భర్త ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి, తానూ ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యారు. భర్త జబ్బుపడినప్పుడు సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని నీసు మానేశారు. ఆయన దక్కలేదు గానీ ఆమె మొక్కు తప్పలేదు. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండేవారు.

ఆమె మహా అసహ్యాల మనిషి. ఎంగిలి వేలితో కాగితం తిప్పేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు జలదరించేది. ఎవరైనా దగ్గిన చేత్తోనే ప్రసాదం పంచితే "ఛీ!" అని పైకే అనేవారు. ఆ "ఛీ" మెట్ల మీద మోగితే కింది వాచ్‌మన్ సైతం చీపురు అందుకునేవాడు. ఓ వినాయక చవితికి సెల్లారులో అన్నదానం జరుగుతోంది. వంటవాడు నేల మీద పడ్డ గరిటెను తన లుంగీకి తుడిచి మళ్లీ పప్పులో ముంచాడు. ఆమె నేరుగా వెళ్లి గుండిగను అంచు పట్టుకుని వంచేశారు. పప్పంతా కాలువ పాలయింది. కమిటీ వాళ్లు మీద పడి అరిస్తే, "మీ పిల్లలకి పెడతారేటి ఇది? పెట్టరు గదా! మరి ఊరోళ్ల పిల్లలకి ఎలా పెడతారు?" అన్నారు. ఆమె మీద కంటు అక్కడే మొదలైంది.

నా కథ ఆ తరువాతి వానాకాలంలో జరిగింది. మాది ఘట్‌కేసర్ పక్క ఊరు. ఆ అపార్ట్‌మెంటు కింది అంతస్తులో నేనూ మా ఆయనా కిరాయికి ఉండేవాళ్లం. నాకు నెలలు నిండుతున్నాయి. మా దగ్గరున్నది పాత ఒంటి తలుపు ఫ్రిజ్. ముసురు పట్టిందంటే చాలు, దాని ఫ్రీజర్‌లో మంచు గుహలా పేరుకుపోయేది. మా తమ్ముడు తెచ్చిన మటన్ పొట్లం ఆ గడ్డలో కూరుకుపోయింది. కత్తితో పొడిచినా ఊడి రాలేదు. ఇంతలో కరెంటు పోయి రెండు రోజులు రాలేదు. మేము ఊరెళ్లి తిరిగొచ్చేసరికి గడ్డ సగం కరిగి, నెత్తుటి నీళ్లు కూరగాయల మీదుగా కారి, తలుపు సందులోంచి వంటింట్లోకి పాకాయి. ఆ కంపు ఇప్పటికీ చెప్పలేను. కుళ్లిన మాంసం, పులిసిన పాలు, మగ్గిన కొత్తిమీర కలగలిసి గొంతులోకి దిగే కంపు. నాకు వాంతి మీద వాంతి.

వాకిలి తలుపు తీసేసరికి ఇంటి ఓనరూ, అసోసియేషన్ సెక్రటరీ ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"పైవాళ్లు పరేషాన్ అయితున్నరమ్మా. సాఫ్ట్‌వేరోళ్లు ఉండే బిల్డింగ్ ఇది. నెలాఖరుకు ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు ఓనరు.

"ఈ పరిస్థితిల నేనేడికి పోవాలె సార్? జెర సాఫ్ చేసుకుంట, టైం ఇయ్యుండ్రి" అన్నాను.

కంపు వాళ్లకు సాకు మాత్రమే. మా వాటాను ఒక కంపెనీవాళ్లకు గెస్ట్‌హౌస్‌గా ఇవ్వాలని ఓనరు అప్పటికే మాట్లాడుకున్నాడని తర్వాత తెలిసింది. అంతలో సత్యవతి గారు మెట్లు దిగి వచ్చారు. సెక్రటరీ ముఖం వెలిగిపోయింది.

"మీరే చెప్పండమ్మా, మీరు నీసు ముట్టరు కదా. ఈ కంపులో ఉండగలరా?"

ఆమె నా వైపు చూశారు, లోపలి తడి నేల వైపు చూశారు. "ఛీ!" అన్నారు. ఆమె కొంగు బిగించి నడుముకు దోపుకుని వాళ్లిద్దరి వైపు తిరిగారు.

"కడుపుతో ఉన్న పిల్ల కక్కుకుంటంటే గుమ్మంలో నిలబడి ఖాళీ సెయ్యమంటారేటి? ఈ కంపు కడిగితే పోతాది. మీది ఏటేసి కడగాల? నడండి!"

తరువాత ఆమె చేసిన పని నేను కళ్లారా చూశాను. స్విచ్ తీసేసి, నన్ను వరండాలో కూర్చోబెట్టి, మా ఆయన చేతిలోని కత్తి లాక్కున్నారు. "మంచుని పొడవకూడదు బాబూ. లోపల గేస్ గొట్టం తెగితే ఫ్రిజ్ పనైపోద్ది" అని, వేడినీళ్ల గిన్నె ఫ్రీజర్‌లో పెట్టి తలుపు మూయించారు. గడ్డ వదులయ్యాక ఆ మొక్కు చేతులను నెత్తుటి నీళ్లలోకి దించి పొట్లాన్ని బయటికి లాగారు. ముఖం పక్కకు తిప్పుకుని ఓ క్షణం ఊపిరి బిగబట్టడం కిటికీలోంచి చూశాను. పొట్లం పారేయించి, సబ్బునీళ్లతో అరలన్నీ కడిగి, పొడిబట్టతో తేమ లేకుండా తుడిచారు. పైకెళ్లి తలంటు పోసుకున్నాక గానీ మంచినీళ్లు ముట్టలేదు.

వారం తిరక్కముందే మళ్లీ మంచు కట్టింది. చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆమే వచ్చి తెరిచి చూసి, తన మీద తానే విసుక్కున్నారు. "కడిగేసి చేతులు దులుపుకున్నాను గానీ, ఎందుకు కడుతోందో సూడలేదే!" తలుపు సందులో కాగితం పెట్టి లాగారు. పైన బిగువుగా ఉంది, కింద జారి వచ్చేసింది. తలుపు అంచు రబ్బరు గట్టిపడి అక్కడ అతుక్కోవడం లేదు. వానగాలిలోని తేమ ఆ సందులోంచే దూరి మంచవుతోంది. తిరుమలగిరి నుంచి కొత్త రబ్బరు తెప్పించి వేయించారు. తలుపు దానంతటదే మూసుకునేలా ఫ్రిజ్ ముందు కాళ్లు కాస్త ఎత్తించారు. "వేడన్నం చల్లారాకే, అదీ మూతెట్టి పెట్టాల" అని నాకు ఆజ్ఞ. ఆ ముసురంతా మంచు మళ్లీ మందం కట్టలేదు.

కంపు పోయాక ఓనరుకు సాకూ పోయింది. మా పాప ఆ ఇంట్లో ఉండగానే పుట్టింది. అప్పటినుంచి కమిటీ సమావేశాలకు ఆమెను పిలవడం మానేశారు. "ముసలమ్మ నీసు కడిగింది" అని మెట్ల మీద గుసగుసలాడారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు రోత పుట్టేది. ఆమె మాత్రం, "ఒగ్గీవే, అననీ, నోరు వాళ్లది" అనేవారు.

పోయిన వారం ఆసుపత్రికి వెళ్లాను. ఎముకల గూడులా ఉన్నారు. నేనుండగానే పక్క తడిసింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకున్నారు. "ఛీ... నువ్వు బైటికెల్లే. ఆయమ్మని పిలు" అన్నారు. వార్డు ఆయమ్మ ఎక్కడా కనిపించలేదు.

"ఆమె వచ్చేదాంక గిట్లనే ఉంటరా అమ్మా? జెర ఇటు తిరుగుండ్రి" అన్నాను.

తిరిగారు. తుడిచాను, దుప్పటి మార్చాను, పౌడరు అద్దాను. అయ్యాక నా చేతిని ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూశారు. "సబ్బెట్టి కడుక్కో" అన్నారు. అని, ఆ చెయ్యి వదల్లేదు.

ఇలాంటి మనిషి మాకు మళ్లీ దొరకరు. మమ్మల్ని ఛీ అనగల హక్కున్న ఒకే ఒక్క నోరు మూతపడింది. అమ్మా, మీ పాదాలకు నా నమస్కారం. చేతులు కడుక్కునే వచ్చాను.