షిఫ్ట్ ఐదుసార్లు

ఆ వేసవిలో ఆగిరిపల్లి రోడ్డు మీద మామిడికాయల ట్రాక్టరు నుంచి ట్రేలు జారి నా స్కూటీ ముందు పడ్డాయి. ఎడమ చెయ్యి విరిగింది. కట్టు విప్పాక ఎముక అతికిందన్నారు గానీ వేళ్లు కదల్లేదు. నరం దెబ్బతింది, టైం పడుతుందన్నాడు నూజివీడు డాక్టరు. ఎంత టైమో చెప్పలేదు.

నాది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. ఎక్కడో ఒక ఆఫీసులో కంప్యూటర్ మొరాయిస్తే, ఫోన్లో మాట్లాడుతూ వాళ్ల స్క్రీన్‌ని నా లాప్‌టాప్‌లోకి తెచ్చుకుని బాగుచేస్తాను. తీసేస్తారేమోనన్న భయంతో చేతి సంగతి మా మేనేజరుకు చెప్పలేదు. చాలా పనులు మౌస్‌తో నెట్టుకొచ్చాను. రెండు మూడు కీలు కలిపి నొక్కాల్సి వస్తేనే ప్రాణం మీదికొచ్చేది.

ఒక మధ్యాహ్నం ఏదో ఊళ్లోని స్కూలు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. గుమాస్తా పెద్దాయన. మాట కొంచెం ముద్దగా ఉంది. జీతాల ఫైలు బిగుసుకుపోయిందన్నాడు. దాన్ని మూయాలంటే టాస్క్ మేనేజర్ తెరవాలి, అందుకు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ ఒకేసారి నొక్కాలి. ఎడమ మణికట్టు ఆనించి ప్రయత్నించాను. షిఫ్ట్ జారిపోయి, ఆయన స్క్రీన్ మీద స్టార్ట్ మెనూ తెరుచుకుంది. మళ్లీ అదే. మూడోసారీ అదే.

"అమ్మా, ఒక్క చేత్తో చేస్తున్నారా?" అన్నాడాయన.

అవునండీ, ఎడమది కదలదన్నాను.

"నాకూ కుడిచెయ్యి పడిపోయిందమ్మా, పక్షవాతం. మీ లాప్‌టాప్‌లో షిఫ్ట్ ఐదుసార్లు వరసగా కొట్టండి. స్టిక్కీ కీస్ ఆన్ చెయ్యమంటారా అని అడుగుద్ది, సరేననండి. ఆ తర్వాత ఒక్కో కీ విడిగా నొక్కినా కలిపి నొక్కినట్టే లెక్క. నా కంప్యూటర్లో ఎప్పుడూ అలాగే ఉంటది."

చేశాను. కంట్రోల్ నొక్కి వదిలాను. షిఫ్ట్ నొక్కి వదిలాను. ఎస్కేప్. తెరుచుకుంది. ఇన్నేళ్లుగా ఇదే ఉద్యోగంలో ఉన్న నాకు ఆ సంగతి తట్టనందుకు సిగ్గేసింది. ఫైలు మూసి థాంక్సండీ అన్నాను.

తర్వాత ఇంకోసారి ప్రింటర్ గురించి ఫోన్ చేసినప్పుడు, పని చెప్పకముందే "వేళ్లు కదుల్తున్నాయా అమ్మా?" అని అడిగాడు. లేదండీ అన్నాను. "నావీ అంతే" అన్నాడు.

వానలు వెనకబట్టాక అదే ఆఫీసు నుంచి కీబోర్డు చెడిపోయిందని ఫిర్యాదు వచ్చింది. ఈసారి ఎవరో అమ్మాయి మాట్లాడింది.

"షిఫ్ట్ నొక్కితే టిక్‌మని చప్పుడొస్తుందండీ. నొక్కి వదిలేసినా నొక్కినట్టే ఉండిపోతుంది."

"అక్కడ పెద్దాయన ఉండేవారు కదండీ?"

"మానిపించేశారంటండీ. చెయ్యి బాలేదు కదా, పని లేటవుతుందని. నేను నిన్ననే చేరాను."

"ఆయన ఫోన్ నంబరేమైనా ఉందా?"

"తెలీదండీ. ఇది తీసేస్తారా కొంచెం?"

కీబోర్డులో ఏ లోపమూ లేదు. సెట్టింగ్స్ తెరిచి, ఆయన పెట్టుకున్న స్టిక్కీ కీస్‌ని ఆఫ్ చేశాను. ఒకసారి నొక్కి చూడమన్నాను.

"ఆ, ఇప్పుడు బాగుందండీ" అంది ఆ అమ్మాయి.

ఫిర్యాదు పరిష్కారమైందని రాసి మూసేశాను. ఆ సాయంత్రమే, నా చేతి సంగతి చెబుతూ మేనేజరుకు మెయిల్ రాశాను. రెండుసార్లు చదువుకుని, పంపకుండానే తుడిచేశాను. ఇంతవరకూ చెప్పలేదు. చిటికెనవేలు మాత్రం కొంచెం కదులుతోంది.