దేవుడి గదిలో రెండో సర్వర్

మా సారు పోయారని టెక్కలి నుంచి అమ్మగారు, అంటే ఆయన భార్య, ఫోన్ చేసేసరికి నేను పలాస ఆఫీసులో నీళ్లు తోడిపోస్తున్నాను. వానకి గది మోకాలి లోతు మునిగింది. మా సర్వర్ ఆ నీళ్లలోనే పాడైపోయి అప్పటికే ఐదు రోజులైంది. సారు ఆసుపత్రి నుంచి వచ్చాక ఏం చెయ్యాలో అడుగుదామని కూర్చున్నాను. ఇంక ఎవర్ని అడగను? బకెట్ వదిలేసి ఆ నీళ్లలోనే కూలబడ్డాను.

ఆయన నాకు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పారు. కిడ్నీలు పాడయ్యాక ఉద్యోగం మానేసి, ఉద్దానంలో తనలాంటివాళ్లకి డయాలసిస్ వంతులు ఫోన్లో కనబడేలా ఒక వెబ్‌సైట్ చేశారు. తన వంతూ అందులోనే చూసుకునేవారు. వంతుల జాబితా ఉన్నది హైదరాబాదులో అద్దె మెషీన్లో. సైట్ పేరు కొట్టగానే అది ఎక్కడుందో ఫోన్లకి చెప్పేది మాత్రం మా పలాస సర్వర్. దాన్నే డీఎన్ఎస్ అంటారు. అది పలకకపోతే జాబితా ఎంత భద్రంగా ఉన్నా ఎవరికీ కనబడదు.

అందుకని రెండోది ఒకటి పెట్టాం. ఎక్కడ? పక్క గదిలో. తుఫానుకి ఒక్క కరెంటు స్తంభం కూలితే రెండూ ఆగిపోయాయి. డొంకూరు నుంచి ఒకావిడ వంతు తెలియక వచ్చి, ఖాళీ లేక, ఉబ్బిన కాళ్లతో మళ్లీ బస్సెక్కింది. సాసర్లో పోసుకున్న టీ సారు ఆ రోజు ముట్టలేదు.

“పక్క గదిలో ఎడితే రెండోదెలా అవుద్దిరా? గాలొత్తే రెండూ ఒకటే,” అన్నారు.

మర్నాడు దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని టెక్కలి బస్సెక్కారు. మీలో ఎవరైనా ఆ బస్సులో చూసే ఉంటారు.

“ఏటి సారూ అది?” అన్నాడు కండక్టరు.

“మా పలాసోడికి బాగోకపోతే జవాబు సెప్పేవోడు. టెక్కలిలో కాపరం ఎడతన్నాడు.”

జేబులోంచి విరిగిన జీడిపప్పు తీసి అతని చేతిలో పోశారు. డాక్టర్లు తినొద్దన్నాక కూడా, పెట్టడానికని ఆ జేబు నింపుకునే తిరిగేవారు.

అక్కడ ఆయన ఇంట్లో ఇన్వర్టర్ తీగ ఉన్నది దేవుడి గదికే. పటాల పక్కన చెక్క మీద రెండో సర్వర్ పెట్టారు. మొదటిది చెప్పినవన్నీ ఇది దాచుకుంటుంది. మొదటిది పలకకపోయినా వారం పాటు తనకు తెలిసింది చెబుతూనే ఉంటుంది. అప్పటికీ అటు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఇదీ నోరు మూసుకుంటుంది. ఆ గడువు పెట్టింది సారే. పాతబడిన సంగతులు చెప్పేకంటే ఊరుకోవడం నయమనేవారు.

దహనం అయ్యాక ఇంటికి వెళ్లి చూస్తే దేవుడి గది మూసి ఉంది. మైల. పలాసది ఆగిపోయి మర్నాటితో వారం నిండిపోతుంది. ఆలోగా ఈ రెండోదాన్నే మొదటిదిగా మార్చాలి, అదీ దాని ఎదురుగా కూర్చుంటేనే అవుతుంది. సారు అన్నగారు పురోహితులు. ఆయన్ని బతిమాలాను.

“పదకొండో రోజు దాకా ఆ తలుపు తియ్యకూడదు నాయనా,” అన్నారు.

“అది అందాకా ఆగదండి. రేపట్నించి మనోల్లకి వంతులు కనబడవు.”

కాళ్లు పట్టుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నారే తప్ప మాట మార్చలేదు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అప్పుడు అమ్మగారు లోపల్నుంచి అన్నారు: “మైల మనకి గానీ ఈ అబ్బాయికేటి, బావగారూ? మన ఇంటోడు కాదు కదా.”

అన్నం పెట్టిన ప్రతిసారీ నన్ను ఇంటోడనే పిలిచిన మనిషి. ఆ మాట అనడానికి ఆవిడ ప్రాణం ఎంత విలవిల్లాడిందో నాకు తెలుసు. అన్నగారు తాళంచెవి తగిలించిన మేకు చూపించారు.

నూతి దగ్గర స్నానం చేసి వెళ్లాను. పటాల ముందు దీపం లేదు. సర్వర్ మీద పచ్చ దీపం ఒక్కటే మినుకుతోంది. ఒక్కో మినుకూ ఎవరో అడిగినట్టని సారు చెప్పేవారు. ఆయన నేర్పినట్టే మార్చవలసింది మార్చాను. ఇక ఉన్నది ఇదొక్కటే. ఇదీ పోతే జవాబు చెప్పేవాళ్లు లేరు. సారూ లేరు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

అమ్మగారు గడప దాకా వచ్చి ఆగిపోయారు.

“ఎవరేనా అడుగుతన్నారా, నాయనా?”

“అడుగుతన్నారమ్మా.”

ఆవిడ గడపకి అవతలే చతికిలబడి, ఆ పచ్చ దీపాన్నే చూస్తూ ఉండిపోయారు.