మూడు సెంట్ల స్టాంపులో నీలం

మా చిన్నప్పుడు అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో మంచు కురిసిన మర్నాడు అమ్మ వంట కూడా పక్కన పెట్టి స్టాంపులు ముందేసుకుని కూర్చునేది...

బాల్కనీ తలుపు పరదా పూర్తిగా లాగేసేది. మంచు మీద పడి లోపలికొచ్చే వెలుతురులో రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయట. స్టీలు పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, పాత కవర్ల నుంచి కత్తిరించిన ముక్కలు నానబెట్టేది. కాసేపటికి స్టాంపు కాగితాన్ని వదిలేసి మెల్లగా జారి వచ్చేది. వాటిని తువ్వాలు మీద వడియాల్లా ఆరబెట్టడం నా పని. ఎప్పుడో నూటయాభై ఏళ్ల కిందట ఎవరో నాలుకతో తడిపి అంటించిన కాగితం నా అరచేతిలో ఉందంటే... ఒళ్లు ఝల్లుమనేది.

నాన్నకి ఫార్మా కంపెనీలో ఉద్యోగం. అమ్మకి వీసా రూల్స్ వల్ల ఉద్యోగం చేసే వీల్లేదు. ఓ శనివారం నన్ను లైబ్రరీకి తీసుకెళ్లి, పక్క గదిలో స్టాంపుల క్లబ్ జరుగుతుంటే తొంగి చూసింది... అంతే, ఆ పిచ్చి పట్టుకుంది.

వాల్టర్ గారు అక్కడే పరిచయమయ్యారు. రిటైరైన స్కూల్ టీచర్, భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ స్టాంపులంటే ఆయనకి ప్రాణం. నాన్న ఆఫీసు వల్ల కాకుండా, నా స్కూల్ వల్ల కాకుండా, ఈ దేశంలో అమ్మకి సొంతంగా దొరికిన మొదటి స్నేహితుడు ఆయనే.

ఆయన దగ్గర అంతర్యుద్ధం రోజుల నాటి మూడు సెంట్ల స్టాంపులు బోలెడన్ని ఉండేవి. జార్జ్ వాషింగ్టన్ బొమ్మ, ఎరుపో గులాబియో తేల్చుకోలేని రంగు. మామూలు రోజ్ రంగువి ఎక్కడైనా దొరుకుతాయి. కొంచెం నీలం ఛాయ తగిలిన పింక్ మాత్రం అరుదు. అందులోనూ మరీ అరుదైనదాన్ని ‘పావురం నెత్తురు’ అంటారు. ఆ మాట వినగానే అమ్మ, “ఛీ ఛీ... ఏం పేరే అది! పెట్టినవాడికి ఇంకేం దొరకలేదా?” అంది. అందుకని మా ఇంట్లో వాటికి వేరే పేర్లు పెట్టుకున్నాం... వెలిసిన ఇటుక, దానిమ్మ గింజ, పన్నీరు గులాబి. చీరాలలో అమ్మమ్మ వాళ్లది నూలుకి రంగులు అద్దే ఇల్లు మరి.

ఒకరోజు వాల్టర్ గారు ఆల్బమ్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. తన స్టాంపులకి విలువ కట్టించాలనుకుంటున్నారట, రంగులు వేరు చేయడంలో సాయం అడిగారు. అమ్మ ఒక్కో పేజీ తిప్పుతూ చూసి చూసి, మామూలు రోజ్ రంగు వాటిలోంచి ఒకదాన్ని పైకి తీసింది.

“దిస్ వన్ ఈజ్ నాట్ రోజ్,” అని నా వైపు తిరిగి, “దీంట్లో నీలం ఉందే... సరిగ్గా చెప్పు ఆయనకి,” అంది.

“మామ్ సేస్ దేరీజ్ బ్లూ ఇన్ ఇట్,” అన్నాను.

వాల్టర్ గారు భూతద్దంతో చాలాసేపు చూశారు. “నో. ఇందులో నీలం లేదు. నేనెన్నో ఏళ్లుగా చూస్తున్న స్టాంపు ఇది,” అన్నారు. గొంతు మారిపోయింది.

అమ్మ సర్దుకుపోతుందనుకున్నాను. “సారీ. బట్ ఐ సీ బ్లూ,” అంది మెల్లగానే.

ఆయన ఆల్బమ్ మూసేసి, కోటు తగిలించుకుని వెళ్లిపోయారు. అమ్మ ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత అమ్మ క్లబ్‌కి వెళ్లలేదు. శనివారాలు ఊరికే కిటికీ దగ్గర నిలబడేది.

“పోనీ, అవునని ఊరుకోవాల్సింది కదా పద్మా. పెద్దాయన,” అన్నారు నాన్న.

“కళ్లెదురుగా కనిపిస్తుంటే లేదని ఎట్లా అననండీ?” అంది అమ్మ.

చెట్లు చిగురించాక, ఓ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. వాల్టర్ గారు! నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నారు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయిందట. ఇన్నేళ్లుగా కంట్లో పసుపు పొర కమ్ముకుని నీలాన్ని మింగేసిందని డాక్టర్ చెప్పేదాకా ఆయనకీ తెలియదు. అంత నెమ్మదిగా వచ్చిన మార్పు కదా... లోకమే అలా ఉందనుకున్నారు.

లోపలికొచ్చి అద్దాలు తీశారు. బాల్కనీలో కుర్చీ మీద అమ్మ నెమలికంఠం రంగు చీర ఆరేసి ఉంది. ఆయన చూపు దాని మీదే ఆగిపోయింది.

“ఈ చీర ఎప్పుడూ ఇదే రంగులో ఉండేదా?” అని అడిగారు.

“ఆల్వేస్,” అంది అమ్మ.

ఆయన ఆకాశాన్నీ, పార్కింగ్ లాట్‌లో కార్లనీ, నా స్కూల్ బ్యాగునీ... అన్నిటినీ కొత్తగా చూస్తున్నట్టు చూశారు. తర్వాత జేబులోంచి ఆ స్టాంపు తీసి బల్ల మీద పెట్టారు. “నాకూ కనిపిస్తోంది పద్మా. ఐయామ్ సారీ,” అన్నారు.

అమ్మ వెళ్లి టీ పెట్టింది. ఈసారి ఆయన రెండు కప్పులు తాగారు.

ఇద్దరూ కలిసి ఆ స్టాంపుని నిపుణులకి పంపించారు. ఎంత ఎదురుచూశామో! చివరికి జవాబు వచ్చింది... రోజ్ కాదు, పింక్ కూడా కాదు, రెంటికీ మధ్యలో ‘రోజ్ పింక్’ అట! పెద్ద విలువేం కాదు.

“అయితే ఇద్దరం సగం సగం కరెక్ట్,” అన్నారు వాల్టర్ గారు.

“నో నో... త్రీ ఫోర్త్స్ నాదే,” అంది అమ్మ. ఆయన పగలబడి నవ్వారు.

ఆ వేసవంతా ఆయన తన ఆల్బమ్‌లన్నీ మొదటి పేజీ నుంచి మళ్లీ చూశారు, అమ్మ పక్కన కూర్చుని. నేను హోంవర్క్ చేస్తూ చేస్తూ వాళ్ల మాటల మధ్యే నిద్రలోకి జారుకునేదాన్ని...

వాల్టర్ గారు ఇప్పుడు లేరు. పని చేసే అనుమతి వచ్చాక అమ్మ ఉద్యోగంలో చేరింది, తీరిక తగ్గింది. స్టాంపుల వేలాలన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. అదే స్టాంపు ఒక ఫోన్‌లో ఒక రంగు, ఇంకో ఫోన్‌లో ఇంకో రంగు. ఇద్దరు మనుషులు తలలు దగ్గర పెట్టుకుని, ఓ చిన్న కాగితం కోసం మధ్యాహ్నమంతా గడిపేయడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు...

మీ అమ్మకి కూడా ఇంటితో, మీతో సంబంధం లేని స్నేహం ఒకటి ఉండేదా? ఉంటే చెప్పండి... వినాలనుంది.