కొంగులో మూడు ఫ్యూజులు

ఈ పొద్దున ఇడ్లీపిండి రుబ్బుతుంటే నా ఫోన్‌లో ఆ రికార్డు ఆడగొంతు అరవంలో పలికింది, మోటారు ఆన్ అయిందని. కినత్తుకడవు కొబ్బరితోటలోని మోటారది. దానికి ఫోన్‌తో నడిపే పెట్టె అమర్చినదాన్ని నేనే కనుక నా నంబరూ అందులో ఉండిపోయింది. తీసెయ్యడం ఒక్క నిమిషం పని. రెండేళ్ళుగా తీసెయ్యలేదు. గ్రైండరు ఆపేసి కూర్చుండిపోయాను.

తుడియలూరులో మా వీధి చివర, కాలిన మోటార్లకు తీగ చుట్టే షాపు గోపాల్‌సామి మామది. చుట్టమేమీ కాదు. అరవ ఊరు కదా, మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళమంతా ఒకరికొకరం మామ, అత్త. మా ఆయన పోయాక ఇంట్లో పడి ఏడుస్తున్న నన్ను పిలిచి, నా ముందు రాగితీగ చుట్ట పెట్టాడు. "ఏడ్చేది ఏడువు కన్ను, చెయ్యి మట్టుకు ఆపొద్దు. ఒక్క చుట్టు తప్పినా మోటారు కాలిపోతాది" అన్నాడు. కన్ను అని అరవంలో ముద్దుగా పిలిచేవాడు నన్ను. ఆయనకు తెలిసిన ఓదార్పు అంతే! కానీ నన్ను నిలబెట్టింది ఆ తీగే.

తోటలకు రిపేరుకు వెళితే ఆయనకొక పట్టింపు ఉండేది. మోటారు ముట్టకముందు షెడ్డు గోడమీది మూడు పింగాణీ ఫ్యూజులూ పీకించి, నా చీరకొంగున ముడి వేయించేవాడు. పని ముగిసేదాకా ఆ ముడి విప్పకూడదు, నేను ఆయన కంటిముందునుంచి కదలకూడదు. "బోర్డులో ఉంటే ఎవడైనా స్విచ్చి వేస్తాడు. నీ కొంగులో ఉంటే యముడైనా నిన్ను అడిగే రావాల" అని నవ్వేవాడు. బరువుకు కొంగు జారుతుంటే నేను విసుక్కునేదాన్ని.

తర్వాత ఇంట్లో కూర్చుని ఫోన్‌తో మోటారు వేసే పెట్టెలు వచ్చాయి. వాటిని అమర్చడం మా షాపులో మొదట నేర్చుకున్నది నేనే. మామ ఒప్పుకోడనుకున్నాను. ఆయన పెట్టెను చాలాసేపు తడిమి చూశాడు. "మా తమ్ముడు చీకట్లో మోటారు వెయ్యపోయి, పాము కరిచి పోయినాడు. ఇది అప్పుడే ఉండుంటే వాడు ఉండును కదా!" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పైన ఊరూరా ఆయనే చెప్పి పెట్టించాడు. ఆ మేలు నేను కాదనను, ఎలా కాదంటాను?

రెండేళ్ళ కిందట, రిపేరుకు వెళ్ళిన ఆ మధ్యాహ్నం కినత్తుకడవు తోటలో కరెంటు లేదు. మామ బావి పక్కన మోటారు మూత విప్పి కూర్చున్నాడు. ఫ్యూజులున్న షెడ్డు తోట అవతల. ఎండ మండిపోతోంది.

"ఫ్యూజులు పీకినావా కన్ను?"

"ఫోన్లో ఆఫ్ చేసేస్తిని మామా. ఇంక అంత నడక ఎందుకు?"

"అట్లనా? సరి, నీకు తెలియనిదా" అని తీగల మీద చెయ్యి వేశాడు.

ఆఫ్ చేసిన మాట నిజమే. కానీ కరెంటు తిరిగి రాగానే తనంతట తానే మొదలయ్యే ఏర్పాటు ఆ పెట్టెలో ఉంది. దాన్ని పెట్టిందీ నేనే, మరిచిందీ నేనే. నా చేతిలోని ఫోన్ పలికింది, మోటారు ఆన్ అయిందని. తలెత్తి చూసేసరికి మామ నేలమీద పడి ఉన్నాడు.

పదహారో రోజు కర్మ నాడు అత్త, అంటే మామ భార్య, నా తల నిమిరి, "పాడు మిషను కన్ను, నువ్వేమి చేస్తువు!" అంది. మిషనును తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ ఆ పెట్టెలే అమరుస్తున్నాను, పాములకు భయపడే రైతులు ఇంకా ఉన్నారు కనుక. వెళ్ళినచోటల్లా ముందు ఫ్యూజులు పీకి కొంగున ముడి వేసుకుంటాను. ఎవరికోసం, ఇప్పుడు? కాపాడవలసినవాడి కోసం ఆ ఒక్కరోజు ఆ ముడి వెయ్యలేదు.

మామ ఫ్యూజుల సంగతి అడిగాడని అత్తకు ఈనాటికీ చెప్పలేదు. ప్రతి సాయంత్రం చెప్పాలనే వెళతాను. ఆమె కాఫీ కలిపి ఇస్తుంది. తాగి వచ్చేస్తాను.