మణవూరులో నాతో దిగినాయన

తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకొచ్చే ఎలక్ట్రిక్ ట్రైన్లో బాత్రూం ఉండదు. ప్రోస్టేట్ వాచినప్పట్నుంచి నేను సీటున్నా కూచోకుండా తలుపుకాడే నిలబడేవాణ్ణి. ఆ పొద్దు మంచి ఎండ. పక్కనున్న పెద్దాయన నీళ్ళసీసా చాపితే వద్దన్నాను.

ఆయనకు అర్థమైపోయింది. "మూత్రం బాధా నాయనా? నాకూ ఉండె. నీళ్ళు మానేస్తే మంట ఇంకా ఎక్కువైతాది" అన్నాడు.

మణవూరులో ఇక ఆపుకోలేక దిగేసినాను. పని చూసుకొని వచ్చేసరికి ట్రైన్ పోయింది. ఆయన మాత్రం ప్లాట్‌ఫారం బెంచీ మీద కూచోనుండాడు.

"మీరెందుకు దిగినారయ్యా?"

"ఒక్కడివే దిగితే సిగ్గేస్తాది కదా" అని, సంచిలోంచి పిడికెడు ఆకు తీసి నా చేతిలో పెట్టినాడు. "మా చేనిగట్టున మొలిచే గలిజేరు. అరవంలో మూక్కిరట్టై. కందిపప్పులో వేసుకో, వాపుకు మంచిది. డాక్టరు మాత్రలు మాత్రం నిలపొద్దు."

ఆకు పనిచేసిందో, మాత్రలు పనిచేసినాయో, నేనైతే రెండూ వదల్లేదు. ఇప్పుడు దర్జాగా కిటికీ పక్కన కూచుంటాను, నీళ్ళు తాగుతాను. ఎండలో తలుపుకాడ నిలబడి నీళ్ళొద్దనే మనిషి కనబడితే మాత్రం, ఆయన యాడ దిగితే నేనూ ఆడ దిగుతాను.